దంతం చెప్పే వయసు, ఎముక చెప్పే బతుకు: మానవ పరిణామ అధ్యయనంలో పోలిక ప్రమాణాలు – ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
అంతరించిన మానవ బంధుజాతుల దంత, అస్థి కణజాలాలను నేటి మానవులతో పోల్చి వారి బాల్యాన్ని, దేహదారుఢ్యాన్ని అంచనా వేయడం పరిణామ అధ్యయనాల్లో పరిపాటి. ఈ పోలికలో ‘నేటి మానవుడు’ అనే ప్రమాణాన్ని ఏ జనసమూహం నుంచి తీసుకున్నారన్నది కీలకమని, ప్రమాణం మారినప్పుడు తీర్పు కూడా మారిందని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఎనామిల్, దంతరేఖలు, స్పంజి ఎముక, నియాండర్తాల్, టౌంగ్ శిశువు, వైవిధ్యం.

1. ఉపోద్ఘాతం:
ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించేవారి పాఠనిర్ణయం వారు చూసిన ప్రతుల సంఖ్యపై ఆధారపడి ఉంటుంది. రెండు తాళపత్ర ప్రతులే చూసినవారికి అపపాఠంగా తోచినది, ఇరవై ప్రతులు చూసినవారికి ఒక ప్రాంతపు పాఠాంతరంగా తేలవచ్చు. శిలాజాలను చదివేవారికీ ఈ చిక్కు తప్పదు. ఒక శిలాజ దంతం ‘మనిషి పన్నులా లేదు’ అనడానికి ముందు మనుషుల పళ్ళు తమలో తాము ఎంత భిన్నంగా ఉంటాయో తెలియాలి.

2. రెండు కణజాలాల స్వభావం:
పంటిపై ఉండే ఎనామిల్ పొర బాల్యంలో ఏర్పడుతుంది. దాన్ని నిర్మించిన కణాలు పన్ను పైకి వచ్చేసరికి నశిస్తాయి. ఆ తరువాత శరీరం దాన్ని తిరిగి నిర్మించలేదు. అందులో రోజుకొకటి చొప్పున సూక్ష్మమైన అడ్డచారలు, కొన్ని రోజులకొకసారి రెట్జియస్ రేఖలు ఏర్పడతాయి. ఆ రేఖలు పంటి ఉపరితలాన్ని చేరిన చోట సన్నని గాళ్ళుగా కనిపిస్తాయి. అంటే ఎనామిల్ బాల్యానికి సంబంధించిన దినచర్య పుస్తకం వంటిది.

ఎముక అలా కాదు. పాత ఎముకను కరిగించే కణాలు, కొత్త ఎముకను కట్టే కణాలు జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. మోసిన బరువు, నడిచిన దూరం, తిన్న తిండి, వయసు – అన్నీ ఎముకలో మార్పు తెస్తాయి. కాబట్టి ఎముకలో కనిపించే భేదం వంశానిదా, జీవనవిధానానిదా అన్న ప్రశ్న ఎప్పుడూ మిగిలే ఉంటుంది.

3. టౌంగ్ శిశువు వయసు:
దక్షిణాఫ్రికాలోని టౌంగ్ వద్ద 1924లో దొరికిన పుర్రెను రేమండ్ డార్ట్ 1925లో ఆస్ట్రలోపితికస్ ఆఫ్రికానస్‌గా ప్రకటించారు. అందులో మొదటి శాశ్వత చర్వణకం అప్పుడే పైకి వస్తోంది. మనుషుల్లో ఆ దవడపన్ను ఆరేళ్ళ ప్రాంతంలో వస్తుంది కనుక ఆ శిశువు వయసు కూడా అంతేనని చాలాకాలం భావించారు. 1985లో బ్రోమేజ్, డీన్ దంతరేఖలను లెక్కించి, తొలి మానవజాతుల పిల్లల వయసులను అంతకుముందు ఎక్కువగా అంచనా వేశారని చూపారు. నేడు టౌంగ్ శిశువు వయసును మూడు, నాలుగేళ్ళ మధ్య ఉంచుతున్నారు. శిలాజం మారలేదు, కొలబద్ద మాత్రమే మారింది. దీర్ఘమైన బాల్యం మానవ వంశపు ఆదినుంచీ ఉందన్న వాదం దీనితో బలహీనపడింది.

అయితే రేఖల లెక్కకూ పరిమితి ఉంది. రెండు రేఖల మధ్య వ్యవధి నేటి మనుషుల్లోనే 6 నుంచి 12 రోజుల వరకు ఉంటుంది. ఉపరితలంపై 100 రేఖలు కనబడితే అవి 600 రోజులకు గుర్తు కావచ్చు, 1200 రోజులకూ కావచ్చు. పంటి లోపలి రోజువారీ చారలు చూడకుండా ఒక సగటును ఊహించుకుంటే, లెక్క కచ్చితమైనా ఫలితం కచ్చితం కాదు.

4. నియాండర్తాల్ వివాదం:
నియాండర్తాల్‌ల ముందుపళ్ళు ఆశ్చర్యకరమైన వేగంతో పెరిగాయని 2004లో రమీరెజ్ రొజ్జి, బెర్మూదెస్ ద కాస్త్రో ప్రకటించారు. వారు పోల్చినది యూరప్ పూర్వచారిత్రక హోమో సేపియన్స్‌తో. 2005లో గ్వటెల్లి-స్టైన్‌బర్గ్ బృందం అలాస్కా ఇన్యూట్‌లను, ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ వాసులను, దక్షిణాఫ్రికా వాసులను పోలికలోకి తెచ్చింది. అప్పుడు నియాండర్తాల్‌ల ముందుపళ్ళ పెరుగుదల నేటి మానవుల వైవిధ్య పరిధిలోనే ఇమిడింది.

ఇక్కడ ఒక ప్రమాదాన్ని గుర్తించాలి. నేటి జనసమూహాల మధ్య ఎనామిల్ ఏర్పడే కాలంలోని భేదాన్ని ‘ఆదిమం’, ‘ఆధునికం’ అనే మెట్లుగా చదివితే, పాత జాతివాదమే సూక్ష్మదర్శిని కింద మళ్ళీ మొలకెత్తుతుంది. ఈ ఫలితం చెప్పేది దానికి విరుద్ధం. ఒకే జాతిలో ఇంత వైవిధ్యం సహజమనీ, ఏ ఒక్క సమూహమూ మానవత్వానికి ప్రమాణం కాజాలదనీ అది చెబుతోంది.

వివాదం అంతటితో ముగియలేదు. ఫ్రాన్స్‌లోని లా షేజ్ దంతాలు నేటి మనుషుల పళ్ళలాగే పెరిగాయని 2006లో మక్కియరెల్లి బృందం తెలిపింది. బెల్జియంలోని స్క్లాడినా పిల్లవాడు ఎనిమిదేళ్ళకే మరణించాడని, అతని పళ్ళు మాత్రం అంతకన్నా పెద్దపిల్లల స్థాయిలో ఉన్నాయని 2007లో తాన్యా స్మిత్ బృందం చూపింది. స్పెయిన్‌లోని ఎల్ సిద్రోన్‌లో దొరికిన 7.7 ఏళ్ళ పిల్లవాడి మొత్తం పెరుగుదల నేటి పిల్లలను పోలి ఉన్నా, వెన్నుపూసల్లో కొన్ని వెనుకబడ్డాయని 2017లో రొసాస్ బృందం గుర్తించింది. ఒకే దేహంలో వేర్వేరు భాగాలు వేర్వేరు వేగాలతో ఎదిగినప్పుడు, ఒక్క పంటిని చూసి ఒక జాతి బాల్యమంతటికీ తీర్పు చెప్పడం తొందరపాటు.

5. ఎముక సాక్ష్యం:
కీళ్ళ దగ్గరి స్పంజి ఎముక ఇటీవలి మనుషుల్లో పలుచగా ఉంటుంది. ఇది రెండుకాళ్ళ నడకవల్ల వచ్చిన జాతిలక్షణమేనా? 2015లో రయాన్, షా అమెరికాలోని ఇల్లినాయ్ ప్రాంతపు ప్రాచీన వేటగాళ్ళ తొడ ఎముకలను, అదే ప్రాంతంలో తరువాత జీవించిన వ్యవసాయదారుల తొడ ఎముకలను పోల్చారు. వ్యవసాయదారుల ఎముక పలుచన. వేటగాళ్ళ ఎముక దేహ పరిమాణానికి తగిన ఇతర ప్రైమేట్ల స్థాయిలోనే ఉంది. ఇద్దరూ హోమో సేపియన్స్‌లే, ఇద్దరూ నడిచింది రెండుకాళ్ళపైనే. కాబట్టి ఈ తేడాకు ప్రధాన కారణం శ్రమలో వచ్చిన మార్పని వారు వాదించారు. వ్యవసాయదారుల ఎముకను మాత్రమే ‘మానవ ఎముక’గా తీసుకుంటే, ఒక జీవనవిధానపు ఫలితం జాతి స్వభావంగా పొరబడుతుంది.

6. ముగింపు:
- శిలాజానికీ మనిషికీ మధ్య భేదాన్ని నిర్ణయించే ముందు మనుషుల మధ్య ఉన్న భేదాన్ని కొలవాలి.
- ఎనామిల్ బాల్యాన్ని భద్రపరుస్తుంది, ఎముక జీవితమంతటినీ తిరగరాస్తుంది. ఈ రెండు సాక్ష్యాలనూ ఒకే తూకంలో వేయరాదు.
- పోలికకు తీసుకున్న జనసమూహం ఏదో చెప్పకుండా చేసే ‘మానవ’ అనే వ్యవహారం అసంపూర్ణం. ప్రతుల వివరాలు చెప్పని పరిష్కరణను ఎలా ప్రామాణికంగా స్వీకరించలేమో, ఇటువంటి నిర్ణయాన్నీ అలాగే స్వీకరించలేము.