ఇంటి మాటే పాఠమైతే

అమెరికాలో పదకొండో తరగతి చదివే మా అక్క మనవరాలు, ఈ ఏడు తమకు అమెరికన్ సాహిత్యమని, అందులో మార్క్ ట్వేన్ ‘హకల్‌బెరీ ఫిన్’ ఉందని ఫోనులో చెప్పింది. కామర్సు చదివి బ్యాంకు పద్దులతో గడిపిన నేనూ కారియాపట్టిలో కూర్చుని ఆ నవల చదివాను.

పారిపోతున్న బానిస జిమ్‌ను పట్టివ్వకపోవడం పాపమని నమ్ముతూనే హక్ అతన్ని పట్టివ్వడు. నవలకు ప్రాణం అక్కడుంది. చివర టామ్ వచ్చి జిమ్ కష్టాన్ని ఆట చేయడం నాకు నచ్చలేదు. నల్లవారిని కించపరిచే మాట రెండువందల సార్లకు పైగా వస్తుంది. బడుల్లో దీనిపై తగవు అందుకే. అక్కడ కథ అప్పజెబితే చాలదట. తమ తీర్పుకు పుస్తకంలోంచే రుజువు చూపాలట.

నన్ను కట్టిపడేసింది భాష. 1885లో అమెరికాలో వెలువడిన ఈ నవలంతా ఒక పల్లె కుర్రవాడి నోటిమాట. యాసలు తెలిసే వాడానని ట్వేన్ మొదట్లోనే చెప్పుకున్నాడు.

మన కరిసల్ సీమలోనూ ఈ పని జరిగింది, తమిళంలో. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్, ఇక్కడికి వలస వచ్చిన తెలుగువారి కథ ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి పొందారు. మన ఇంటి తెలుగులో అలాంటి నవల నేనింకా చదవలేదు. మన అవ్వల మాటను దిద్దకుండా ఎవరైనా రాయండి.