రెండున్నర అడుగుల గోడ

ఇల్లు కట్టేటప్పుడు అందరి కళ్ళూ స్లాబు మీదే ఉంటాయి. స్లాబు వేసే రోజు చుట్టాలొస్తారు, కొబ్బరికాయ కొడతారు, కూలీలకు భోజనాలు పెడతారు. గేటు నుంచి పోర్టికో దాకా కారు దారి పక్కన కట్టే పొట్టి గోడకు ఆ మర్యాదలేవీ దక్కవు. మిగిలిన ఇటుకలతో, అడుగున మిగిలిన ఇసుకతో, అప్పటికే అడుగంటిన డబ్బుతో దాన్ని ముగించేస్తారు. నాలుగు వానాకాలాలు తిరిగేసరికి అది నెర్రెలిచ్చి ఒక పక్కకు ఒరుగుతుంది. మన కాలనీల్లో అలా ఒరిగిన గోడలు వీధికి రెండైనా కనిపిస్తాయి.

ఘట్‌కేసర్ దాటాక ఒక మిత్రుడి ఇంటి ముందు అలాంటి గోడనే రాతితో కడుతుంటే దగ్గరుండి చూశాను. ఎత్తు రెండున్నర అడుగులు, మందం పదిహేను అంగుళాలు. కట్టిన మేస్త్రి వయసు మళ్ళినవాడు, చిన్నప్పటి నుంచీ రాతిపనే. ఆ గోడ గురించి వివరంగా రాయాలని అక్కడున్నప్పుడే అనిపించింది.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. ఇంటి గోడ మీద స్లాబు బరువుంటుంది. ఆ బరువే కింది వరసల్ని అదిమి పట్టి ఉంచుతుంది. పొట్టి గోడకు ఆ ఆసరా లేదు. పైన వాన, రెండు ముఖాల మీదా వాన, కింద తడిసి ఆరే నేల, పక్కనే రోజూ వచ్చిపోయే టన్ను బరువు కారు. వీటన్నిటినీ అది తన బరువుతో తానే తట్టుకోవాలి. ఎత్తు తక్కువ కనక పని కూడా తక్కువేనని అనుకుంటాం. ఈ మేస్త్రి అలా అనుకోలేదు.

పునాది దగ్గరే అది తెలిసిపోయింది. అక్కడ నేల ఎర్ర మొరం. రెండడుగులు తవ్వేసరికి గట్టి నేల తగిలింది. గేటు వైపు మాత్రం ఎప్పుడో పోసిన మట్టి ఉంది. అక్కడ గడ్డపార ఖంగుమనే దాకా తవ్వించాడు. కందకం అడుగు ఏటవాలుగా వదలకుండా మెట్లు మెట్లుగా చదును చేయించాడు. అడుగు ఏటవాలుగా ఉంటే, ఎంత మంచి రాయి పెట్టినా, గోడ మొత్తం మెల్లగా పల్లానికి జారాలని చూస్తుంది. నల్లరేగడి నేలలో అయితే ఇంకా లోతుకు పోవాలి. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. పైపైన కూర్చున్న గోడను ఏటా ఎత్తి దించుతూనే ఉంటుంది.

రాయి ఊరి చుట్టుపక్కలదే. హైదరాబాదు చుట్టూ ఉన్న ఈ గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ళనాటిది. బూడిద రంగులో, అక్కడక్కడ గులాబీ జీరతో ఉంటుంది. ట్రాక్టరు దింపిన కుప్పలోంచి మేస్త్రి ఒక్కో రాయినీ సుత్తితో తట్టి చూశాడు. ఖణేల్మంటే గోడకు, మొద్దుగా మోగితే పక్కకు. లోపల కంటికి కనిపించని పగులు ఉన్న రాయి ఆ శబ్దంతో దొరికిపోతుంది. ఆ తర్వాత కుప్పను విడదీసి మూలలకు పనికొచ్చే లంబకోణపు రాళ్ళు, గోడకు అడ్డంగా సరిపోయే పొడుగు రాళ్ళు, ముఖం బాగున్నవి, నింపడానికి పనికొచ్చే చిన్నవి అన్నీ వేర్వేరుగా పేర్పించాడు. ఈ పనికే ఒక పూట పట్టింది. ఇక కట్టుబడి మొదలయ్యాక రాయి కోసం ఎక్కడా వెతుక్కోలేదు.

రాతి గోడలో మోసం చేయడం చాలా తేలిక. పలకలాంటి రాయిని నిలువునా నిలబెడితే ముఖం పెద్దదిగా కనిపిస్తుంది, చదరాలు తొందరగా లెక్కకొస్తాయి. అటొక పొర, ఇటొక పొర నిలబెట్టి నడుమ మట్టీ చిప్పలూ కుమ్మరించి, పైన సిమెంటు పూస్తే బయటికి లక్షణమైన గోడే. లోపల మాత్రం రెండు పలచని గోడలు ఒకదాన్నొకటి పట్టుకోకుండా నిలబడి ఉంటాయి. నీరు దిగి నడుమ మట్టి కుంగగానే రెండూ చెరో పక్కకు ఉబ్బుతాయి. ఈ గోడలో ప్రతి రాయినీ దాని వెడల్పు కిందికి వచ్చేలా పడుకోబెట్టాడు. రాయి పొడవు గోడ లోపలికి పోయింది, బయటికి కనిపించేది దాని కొస మాత్రమే. మంచి రాయిలో ఎక్కువ భాగం ఎవరికీ కనిపించకుండా లోపలే ఉండిపోయింది.

అంతకన్నా నాకు నచ్చింది, ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా అడ్డంగా పడుకునే పొడుగు రాళ్ళు. రెండు ముఖాల్నీ కలిపి పట్టి ఉంచేవి ఇవే. గోడ ముఖంలో ప్రతి అర చదరపు మీటరుకూ కనీసం ఒకటి ఉండాలని ఇంజనీర్ల నియమావళి చెబుతుంది. మేస్త్రి ఆ పుస్తకం చూడలేదు. దాదాపు మూడడుగులకొకటి, పై వరసలో కింది రాళ్ళ నడిమికి వచ్చేలా పెట్టుకుంటూ పోయాడు. కొలిచి చూస్తే నియమం కన్నా ఎక్కువే ఉన్నాయి. నడుమ ఖాళీల్లోకి మాలు కుమ్మరించలేదు. ముందు రాతి ముక్కల్ని సుత్తితో బిగించి, మిగిలిన సందుల్లోకే మాలు తాపీతో పొడిచాడు. వరంగల్ కోట లోపలి రాతి ప్రాకారంలో సున్నమే లేదు. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తి చేయించిన ఆ 13వ శతాబ్దపు గోడ రాతిమీద రాయి కూర్చున్న తీరుతోనే నిలిచింది. మాలు సందును నింపాలే తప్ప రాయిని మోయకూడదన్న ఆ పద్ధతే ఇక్కడా కనిపించింది.

దారి గేటు వైపు వాలుగా ఉంది. వాలుతో పాటే వరసల్నీ వాల్చేస్తే పని సులువు. అతను నూలు దారం మట్టంగానే లాగాడు, రసమట్టం పెట్టి సరిచూశాడు, వరసలన్నీ సమంగా నడిపించాడు. నేల దిగిన చోట గోడ తలను ఒక మెట్టు దించాడు. మెట్టు దిగిన ప్రతిచోటా పొడుగు రాయి ఒకటి పై భాగంలోంచి కింది భాగంలోకి చొచ్చుకుని ఉంటుంది. గేటు దగ్గరికి వచ్చేసరికి గోడ అడుగున్నర ఎత్తుకు తగ్గింది. కారు వెనక్కి తీసేటప్పుడు వీధిలో ఆడుకునే పిల్లలు కనిపించడానికి ఈ ఏర్పాటు. గోడ కొసన చిన్న రాళ్ళు పెట్టకుండా, ఒకటి గోడ పొడవునా సాగేలా, దాని మీది రాయి గోడకు అడ్డంగా సాగేలా పెద్ద మూలరాళ్ళు పేర్చి, అంచును సుత్తితో గుండ్రం చేశాడు. కారు తగిలేది ఆ కొసకే మరి.

తోట వైపు నేల ఎత్తుగా ఉంది. అక్కడ గోడ వెనక కంకర పోసి, అడుగున నీళ్ళు పోవడానికి గొట్టపు ముక్కలు కొంచెం వాలుగా పెట్టాడు. వాన నీరు వెనక నిలిస్తే దాని ఒత్తిడికి ఏ గోడైనా ముందుకు వంగుతుంది.

గోడ తల మీద తాండూరు నాపరాళ్ళు పరిచాడు. రెండు వైపులా అంగుళమున్నర బయటికి, తోట వైపు కొద్దిగా వాలు. ప్రతి బండకూ అడుగు వైపున అంచు వెంట సన్నని గాడి తీయించాడు. అంచున జారే నీరు బండ అడుగు నుంచి గోడ మీదికి పాకకుండా ఆ గాడి దగ్గరే కిందికి రాలిపోతుంది. ఈ గాడి చాలామంది వదిలేస్తారు. అందుకే ఆ గోడలకు నల్లటి చారలు కడతాయి.

సందులకు ఉబ్బెత్తు సిమెంటు గీతలు పెట్టి నల్లరంగు వేయడం మన దగ్గర మోజు. నాకది నచ్చదు. రాయి కన్నా గీతలే కనిపిస్తాయి, పైగా ఉబ్బెత్తు గీత కింద నీరు నిలిచి ఊడిపోతుంది. ఇక్కడ సందును రాతి ముఖం కన్నా పిసరంత లోపలికి నొక్కి వదిలేశాడు. సాయంత్రం ఎండలో ప్రతి రాయీ విడివిడిగా తెలుస్తుంది. వారం దాటినా గోనెపట్టాలు కప్పించి తడిపిస్తూనే ఉన్నాడు.

మీరూ ఇలాంటి గోడ కట్టించాలనుకుంటే మేస్త్రిని మూడు సంగతులు అడగండి. అడ్డంగా పోయే పొడుగు రాళ్ళు ఎన్ని పెడతారో, నడుమ ఏం నింపుతారో, పై బండకు గాడి తీయిస్తారో లేదో. ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పిన మేస్త్రికి రోజు కూలి దగ్గర బేరం చేయకండి. రాళ్ళు ఏరుకోవడానికి అతను ఒక పూట అడిగితే ఇవ్వండి.