చిన్న ఓడకు స్తోత్రం

చిన్న ఓడా, నీకు జేజేలు! అర్జెంటీనా దక్షిణపు కొసన ఉన్న ఉషువాయా రేవులో నిన్ను మొదటిసారి చూసినవాళ్లు కాస్త చిన్నబుచ్చుకుంటారు. పక్కనే కట్టేసి ఉన్న మహానౌకలో అంతస్తు మీద అంతస్తు, నాటకశాల, జూదశాల, బజారు. నీలో రెండొందల మంది ఎక్కితే ఇక చోటు లేదు. ఇద్దరూ వెళ్లేది అంటార్కిటికాకే. కానీ ఆ నేల మీద మనిషి చేత అడుగు పెట్టించేది నువ్వే. ఐదొందల మందికి మించి ఎక్కించుకున్న ఓడ అక్కడ ఒక్కరినీ దించకూడదు. డెక్కు మీంచి మంచు చూపించి వెనక్కి తిప్పుకుని రావాలి. ఒక ఒడ్డున ఒకసారికి వంద మందే ఉండాలి, ప్రతి ఇరవై మందికీ ఒక గైడ్ ఉండాలి, ఒక చోట ఒక ఓడే ఆగాలి. 1991లో యాత్రా సంస్థలు తమకు తాము ఒక సంఘం పెట్టుకుని పాటిస్తూ వచ్చిన ఈ కట్టుబాట్లను 2009లో అంటార్కిటిక్ ఒప్పంద దేశాలు కూడా తీర్మానంగా చేసుకున్నాయి. మన దేశం 1983 నుంచీ ఆ ఒప్పందంలో ఉంది. ఎంత పెద్దదైతే అంత గొప్ప అనుకునే లోకంలో, నీ పొట్టితనమే నీకు ప్రవేశపత్రమైంది.

నీ వంశం మరీ పాతదేమీ కాదు. లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్ అనే యాత్రా నిర్వాహకుడు 1966లో మామూలు ప్రయాణికులను అంటార్కిటికాకు తీసుకెళ్లాడు. 1969లో ఇలాంటి యాత్రల కోసమే ఒక ఎర్ర ఓడను కట్టించాడు. నీ కులానికంతటికీ మూలపుటమ్మ అదే. 2007 నవంబరులో దక్షిణ షెట్లాండ్ దీవుల దగ్గర అది మంచుకు తగిలి మునిగిపోయింది. అందులోని 154 మందీ గంటల తరబడి లైఫ్‌బోట్లలో చలికి వణుకుతూ కూర్చుని, మరో ఓడ వచ్చి ఎక్కించుకుంటే ప్రాణాలతో బయటపడ్డారు. అందుకే నీలో మొదటి మర్యాద విందు భోజనం కాదు, సైరన్. అది మోగగానే కోటీశ్వరుడైనా సరే, చేతిలో గ్లాసు పక్కన పెట్టి, నారింజరంగు జాకెట్టు తగిలించుకుని, తన లైఫ్‌బోటు ఏదో వెతుక్కుంటూ వెళ్లి వరసలో నిలబడాల్సిందే.

డ్రేక్ జలసంధిని దాటించేదానా, నీ ఓపికకు మొక్కాలి! దక్షిణ అమెరికా కొసనున్న హార్న్ అగ్రం నుంచి దక్షిణ షెట్లాండ్ దీవుల దాకా దాదాపు ఎనిమిదొందల కిలోమీటర్ల నీరు. ఆ అక్షాంశాల్లో భూగోళం చుట్టూ తిరిగే గాలికి ఎక్కడా అడ్డుపడే నేల లేదు. లోకమంతా చుట్టి వచ్చిన పడమటిగాలీ, దాని కింద పరుగెత్తే ప్రవాహమూ ఈ ఒక్క ఇరుకులోంచే దూరాలి. ప్రయాణం సుమారు రెండు రోజులు. సముద్రం దయతలిస్తే నున్నటి చెరువు, కన్నెర్రజేస్తే కొండలు లోయలు. నడవాల్లో కమ్మీల వెనక కాగితపు సంచులు దోపి ఉంటాయి, అవి ఎందుకో సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. ఎటు నడిచినా ఒక చెయ్యి కమ్మీ మీదే ఉండాలి. ఆల్బట్రాస్ పక్షి మాత్రం రెక్క ఆడించకుండా, నీ వెనకాల గాలి మీద తేలుతూ వస్తూనే ఉంటుంది. ఒక దగ్గర దక్షిణపు చల్లని నీరు ఉత్తరపు నీటి కిందికి దిగుతుంది. సముద్రం చల్లబడుతుంది, పొగమంచు కమ్ముతుంది. ఎవరో కిటికీ దగ్గర నుంచి కేక వేస్తారు. మొదటి మంచుకొండ!

దిగడానికి ముందు నువ్వు చేయించే శుద్ధి చూడాలి. కోటు జేబులు, బ్యాగు మూలలు, కెమెరా పట్టీలు అన్నీ వాక్యూమ్ గొట్టంతో పీల్చేస్తారు. జాకెట్టు అతుకుపట్టీల్లో ఇరుక్కున్న గడ్డి గింజలను పట్టకారుతో ఏరేస్తారు. మన చేలగట్ల మీద పంచె అంచుకు పట్టుకుని ఇంటిదాకా వచ్చే ఉత్తరేణి గింజల్లాగే అవీ మొండివి, ఎక్కడికైనా వచ్చేస్తాయి. అంటార్కిటికాలో పూసే మొక్కలు సహజంగా రెండే రెండు: ఒక గడ్డి, ఒక నాచులాంటి గుబురు. బయటి గడ్డి ఒకటి మనుషుల వెంట వచ్చి కింగ్ జార్జ్ దీవిలో ఇప్పటికే పాతుకుపోయింది. అందుకే దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ బూట్లను మందునీళ్లలో ముంచి, బ్రష్షుతో రుద్ది మరీ కడగాలి. బర్డ్ ఫ్లూ దక్షిణానికి పాకినప్పటి నుంచి ఆ నేల మీద కూర్చోవడం లేదు, మోకాలు ఆనించడం లేదు, సంచి దించడం లేదు. గుడి ముందు కాళ్లు కడుక్కోవడం తెలిసిన మనకు ఇది వింత కాదు.

ఆ పైన రబ్బరు పడవ. గైడ్ చెయ్యి చాస్తాడు, అరచెయ్యి కాదు, మణికట్టు పైన పట్టుకోవాలి. పది మందిమి పడవ అంచు గుండ్రాల మీద ఎదురెదురుగా సర్దుకుని కూర్చుంటాం. ఓడ దిగే ప్రతి మనిషీ తన కార్డును యంత్రానికి చూపించి వెళ్లాలి, వచ్చాక మళ్లీ చూపించాలి. ఎవరూ ఒడ్డున మిగిలిపోలేదని రూఢి అయ్యేదాకా నువ్వు కదలవు. ఒడ్డున తిండి లేదు, మరుగుదొడ్డి లేదు. అవసరం పడితే మళ్లీ నీ దగ్గరికే రావాలి.

ఒడ్డుకు చేరకముందే వాసన ఎదురొస్తుంది. క్రిల్ అనే రొయ్యలాంటి ప్రాణులను తిని తిని పెంగ్విన్లు ఎర్రగా రెట్టవేసిన వాసన. ఇక ఆ రాజ్యం వాళ్లది. నారింజ ముక్కు, కంటి పైన తెల్ల మచ్చ ఉన్న ఒక జెంటూ పెంగ్విన్ నీటి ఒడ్డున రాళ్లు ఎంచుతుంది. ఒకటి ముక్కున కరుచుకుని చూస్తుంది, నచ్చదు, వదిలేస్తుంది. ఇంకొకటి పట్టుకుని, రెక్కలు చాచి, తూలుతూ గుట్ట ఎక్కుతుంది. గూటి మీద కూర్చున్న జోడు ముందు ఆ రాయి పెట్టి వంగి నమస్కరిస్తుంది. అది మళ్లీ కిందికి దిగేలోగా పక్కింటి పెంగ్విన్ మెడ చాచి ఆ రాయిని ఎత్తుకుపోతుంది. అయిదు మీటర్ల దూరం పాటించమని మనకు చెప్పారు. వాటికి ఎవరూ చెప్పలేదు. వాటంతట అవే దగ్గరికి వస్తే మనం కదలకుండా నిలబడాలి. మంచులో అవి నడిచి నడిచి చేసిన కాలిబాటను మనం తొక్కకూడదు. మన బూటు మోకాలిదాకా దిగబడితే ఆ గుంతను అక్కడికక్కడే మంచుతో పూడ్చి వెళ్లాలి, లేకపోతే ఒక పొట్టి ప్రాణి అందులో పడి పైకి రాలేదు. కోట్లు ఖర్చుపెట్టి కట్టిన నీ వంటి ఓడ ఎక్కి వచ్చిన మనిషి, ఒక పక్షి కోసం వంగి గుంత పూడుస్తుంటే చూడాలి!

దారి మార్చుకునేదానా, నీ వినయానికి వందనం! నువ్వు ముందురోజు చెప్పిన కార్యక్రమం తెల్లారేసరికి చెల్లకపోవచ్చు. డిసెప్షన్ దీవిలోకి పోదామంటావు. అది సముద్రం చొరబడిన అగ్నిపర్వతం నోరు. 1967 నుంచి 1970 లోపల మూడుసార్లు పేలింది. లోపల నల్ల ఇసుక ఒడ్డున వెచ్చటి ఆవిరి, పాత తిమింగలాల కార్ఖానా తుప్పు బాయిలర్లు. కానీ గాలి ఎదురు తిరిగితే ఆ ఇరుకు ద్వారం ముందు నుంచే మళ్లిపోతావు. 1944లో బ్రిటిష్‌వాళ్లు స్థావరం వేసిన పోర్ట్ లాక్రాయ్‌లో ఇప్పుడు తపాలా కచేరీ ఉంది. కార్డు రాసి వేద్దామనుకున్నవాళ్ల సరదా మంచు అడ్డుపడితే అంతే సంగతులు. నిట్టనిలువు కొండల మధ్య పదకొండు కిలోమీటర్ల లెమైర్ సందు కూడా ఒక్కోసారి మంచుగడ్డలతో మూసుకుపోతుంది. అప్పుడు కెప్టెన్ పటం ముందేసుకుని ఇంకో అఖాతం వెతుకుతాడు. అక్కడ పడవ ఇంజను ఆపిస్తారు. తేలే మంచుముక్కల్లో వేల ఏళ్లుగా ఇరుక్కున్న గాలిబుడగలు చిటపటమంటూ పగులుతుంటాయి. దూరంగా హిమానీనదం కూలితే ఆ అల మన ఒడ్డుదాకా వస్తుంది. నీటి అంచున నిలబడవద్దని అందుకే చెబుతారు.

వైభవమా, నీకూ తక్కువేమీ లేదు. తడిసి వచ్చినవాడికి వేడి చాక్లెట్టు, స్నానాలగదిలో వెచ్చని నేల, పడకగది పక్కన వసారా, అడిగిందల్లా తెచ్చిపెట్టే మనిషి. మాంసం ముట్టమని ముందే చెబితే దానికి తగ్గ వంట. టికెట్టు లక్షల్లో ఉంటే ఈ మాత్రం ఉండాలి మరి. కానీ రాత్రి అందరూ గుమిగూడేది దానికోసం కాదు. ఆనాటి సంగతులు చెప్పే సభ కోసం. పక్షుల పండితుడు, రాళ్ల పండితుడు, చరిత్ర చెప్పేవాడు వరసగా లేస్తారు. పొద్దున ఎవరో తీసిన హంప్‌బ్యాక్ తిమింగలం తోక ఫొటో తెర మీద పడుతుంది. తోక అడుగు మచ్చలు ఏ తిమింగలానికి ఆ తిమింగలానివే. ఆ ఫొటో శాస్త్రజ్ఞుల జాబితాకు చేరితే, ఇదే తిమింగలం ఎప్పుడో మరో సముద్రంలో కనిపించిందని తేలవచ్చు. యాత్రికుడు ఆ ఒక్క పూటకు సాక్షి అవుతాడు.

ఇక కాస్త నిందాస్తుతి. ఓ చక్కని ఓడా, నువ్వు అమాయకురాలివేమీ కాదు. ఒక వేసవిలో అంటార్కిటికా చూసేవాళ్లు లక్ష దాటారు. మడ్డి నూనె కాల్చడాన్ని 2011 నుంచి ఆ జలాల్లో నిషేధించారు, నిజమే. అయినా నువ్వు కాల్చేది నూనెనే. నిన్ను చేరడానికి మేము ఎక్కిన విమానాలు కాల్చేదీ నూనెనే. నువ్వు తిరిగే అంటార్కిటిక్ ద్వీపకల్పం గత కొన్ని దశాబ్దాలుగా భూమి మీద వేగంగా వేడెక్కిన చోట్లలో ఒకటి. మంచును నమ్ముకున్న అడేలీ పెంగ్విన్లు అక్కడ తగ్గుతున్నాయి, జెంటూలు ఇంకా దక్షిణానికి జరుగుతున్నాయి. మేము చేతులెత్తి మొక్కే మంచును కరిగించే పొగలో నీ వాటా, మా వాటా రెండూ ఉన్నాయి. బూట్లు ఎంత కడిగినా ఆ మరక పోదు.

ఫలశ్రుతి. ఈ ఓడ ఎక్కినవారికి అనుకున్న చోటుకు చేరతామన్న హామీ దొరకదు. ఫోను మోగని రోజులు దొరుకుతాయి. అతిథిగా ఎలా మెలగాలో తెలుస్తుంది: కాళ్లు కడుక్కుని రావడం, దారి ఇవ్వడం, ఏమీ ఎత్తుకుపోకుండా పిలిచినప్పుడు లేచి రావడం. తెలిసినవారు తిరిగి వెళ్లాక తమ ఊరి చెరువు దగ్గరా అలాగే మెలిగితే, తగలేసిన నూనెలో కొంతైనా అప్పు తీరుతుంది. లాభం చూసి నీకు ఇంకో రెండు డెక్కులు వేయిద్దామన్న ఆలోచన నీ యజమానికి ఎన్నడూ రాకుండు గాక!