మొదటి కాలం ఫిడేలు

నడివయసులో వాయిద్యం పట్టినవాడిని చుట్టాలు అడిగే ప్రశ్నలు రెండే. "ఎంతదాకా వచ్చింది?" అనేది ఒకటి, "ఏదీ, ఒక పాట వాయించండి విందాం" అనేది రెండోది. నేను ఫిడేలు నేర్చుకుంటున్నాను. నిరుడు సంక్రాంతికి అడిగితే సరళీస్వరాల్లో ఉన్నానని చెప్పాను. ఈ సంక్రాంతికి అడిగితే, జంటస్వరాల దాకా వెళ్లాక మా టీచరుగారు మళ్లీ సరళీల్లోకి తీసుకొచ్చారని చెప్పాను. మా బావమరిది కాసేపు ఆలోచించి, "అంటే డిటెయిన్ చేశారన్నమాట, బావగారూ!" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

కానీ ఆ మాట నన్ను కొన్నాళ్లు వదల్లేదు. చదువంటే ముందుకు పోవడమేనని మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు చేశారు. ఒక పాఠం అయిపోయిందంటే ఇక దాని మొహం చూడం. సంగీతంలో అలా కుదరదు. కచేరీలు చేసే విద్వాంసులు కూడా పొద్దున్నే తలుపేసుకుని సరళీలు, జంటలు, అలంకారాలు సాధన చేస్తారు. మనకూ వాళ్లకూ పాఠం ఒకటే, దాన్ని వినే చెవిలోనే తేడా.

సంగీతం తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీలు, వాటి తర్వాత వచ్చే జంటలు మాయామాళవగౌళ రాగంలో మొదలవుతాయి. ఈ పద్ధతి పెట్టినవాడు పురందరదాసు అని సంప్రదాయం చెబుతుంది. సరిగమపదనిస అని పైకి ఎక్కడం, సనిదపమగరిస అని కిందికి దిగడం, సరళీల్లో ఇదే మొదటి వరస. దీన్ని ఆదితాళంలో మూడు కాలాల్లో వాయించాలి. మొదటి కాలంలో దెబ్బకొక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. తాళం వేసే చెయ్యి మాత్రం ఒకే నడకలో నడుస్తుంది. మొదటి కాలంలో ఈ ఎక్కడం దిగడం పూర్తి కావడానికి రెండు ఆవర్తాలు, అంటే తాళం రెండు చుట్లు, పడితే, మూడో కాలంలో సగం ఆవర్తంలోనే అయిపోతుంది.

చూసేవాళ్లకు మూడో కాలమే విద్యలా కనిపిస్తుంది. వేళ్లు పరిగెడుతుంటే అమ్మానాన్నలు ఫోన్లు తీసి వీడియో పడతారు. మొదటి కాలాన్ని ఎవరూ వీడియో తియ్యరు. కానీ ఫిడేలు విషయంలో అసలు కష్టమంతా మొదటి కాలంలోనే ఉంది. ఎందుకో చెబుతాను.

హార్మోనియంలో మెట్టు నొక్కితే స్వరం పలుకుతుంది. అది శ్రుతిలో ఉందా లేదా అన్న పూచీ పెట్టె చేసినవాడిది. వీణకు ఇరవై నాలుగు మెట్లుంటాయి, తీగను ఎక్కడ నొక్కాలో అవే చూపిస్తాయి. ఫిడేలు మెడ మీద అలాంటి గుర్తు ఒక్కటీ ఉండదు, నున్నటి నల్లచెక్క తప్ప. నాలుగు తీగలనూ మనం స, ప, స, ప అని శ్రుతి చేసుకుంటాం. నేల మీద మఠం వేసుకుని కూర్చుని, మెడ చివర ఉండే ఫిడేలు బుర్రను కుడి పాదం మీద ఆనించి, రెండో చివరను ఎడమ ఛాతీకి, భుజానికి మధ్య నిలుపుకుంటాం. పాశ్చాత్యుల్లా గడ్డం కింద బిగించుకోం. దీనివల్ల ఎడమ చెయ్యి తీగ పొడవునా స్వేచ్ఛగా జారుతుంది. స్వరాన్ని ఊపే గమకం పలకాలంటే ఆ జారుడు ఉండాల్సిందే. మోకాళ్లు మాత్రం నడివయసు వాళ్లకు తమ ఉనికిని గుర్తుచేస్తూ ఉంటాయి.

ఇక వేళ్ల సంగతి. వట్టి తీగ మీద కమాను లాగితే స. చూపుడు వేలు బుర్రవైపు దగ్గరగా వేస్తే రి. మాయామాళవగౌళలో రి నుంచి గ దాకా చాలా జాగా ఉంటుంది కాబట్టి, నడిమి వేలిని బాగా సాచి వెయ్యాలి. ఉంగరం వేలు దాని పక్కనే అంటుకున్నట్టు పడితే మ. అక్కడి నుంచి పక్క తీగకు వెళ్తే వట్టి తీగే ప. చూపుడు వేలు ద, దూరంగా సాచిన నడిమి వేలు ని, దాన్ని ఆనుకుని ఉంగరం వేలు పై స. అంటే రెండు తీగల మీదా వేళ్ల అమరిక ఒక్కటే. ఈ రాగాన్ని తొలిపాఠానికి ఎందుకు ఎంచుకున్నారన్నదానికి పండితులు రకరకాల కారణాలు చెబుతారు. ఫిడేలు పట్టినవాడికి మాత్రం ఇది చాలా పెద్ద వెసులుబాటు. ఒక తీగ మీద వేలికి దారి తెలిస్తే రెండో తీగ మీద కొత్తగా వెతుక్కోనక్కర్లేదు.

కానీ ఆ దారి మొదటి కాలంలోనే తెలుస్తుంది. మూడో కాలంలో నడిమి వేలు గ, అంటే గాంధారం, దగ్గర వెంట్రుకవాసి తగ్గినా, వినేవాడు పట్టుకునే లోపలే మ వచ్చేస్తుంది. మొదటి కాలంలో ఆ గాంధారం దెబ్బంతా నిలబడాలి. పక్కన తంబూరా మోగుతుంటుంది కనుక, తగ్గితే తగ్గిందని, పెరిగితే పెరిగిందని చెవికి తెలిసిపోతుంది. అప్పుడు వేలిని కాస్త దొర్లించి సరిచేస్తాం. అలా సరిచెయ్యగా సరిచెయ్యగా, ఒకనాటికి వేలు తనంతట తానే సరైన చోట పడడం మొదలుపెడుతుంది.

ఇదంతా ఎడమ చేతి కథ. కుడి చెయ్యి దానికంటే మొండిది. కమానుకు కట్టిన గుర్రపు తోక వెంట్రుకలకు రోజిన్ రాస్తాం. ఆ జిగురు వల్ల వెంట్రుక తీగను పట్టుకుని లాగుతుంది, తీగ విడిపించుకుని వెనక్కి జారుతుంది, మళ్లీ పట్టుబడుతుంది. ఇది సెకనుకు కొన్ని వందల సార్లు జరిగితే మనకు వినిపించేది నాదం. చెయ్యి బరువు తక్కువైతే తీగ ఈల వేస్తుంది, ఎక్కువైతే గీరుకుంటుంది. వేగంగా లాగేటప్పుడు ఊపే చాలావరకు నెట్టుకొస్తుంది. నాలుగు స్వరాలు ఒకే కమానులో, మొదటి కాలంలో, మొదటి నుంచి చివరి దాకా ఒకే బరువుతో లాగమంటే మాత్రం మోచెయ్యి, మణికట్టు, బొటనవేలు తలో మాట మాట్లాడతాయి. కమాను సగం దాటాక వచ్చే వణుకును ఏ గమకం పేరు చెప్పీ కప్పిపుచ్చలేం.

మా క్లాసులో నేను తప్ప అందరూ బడి పిల్లలే. అర సైజు, ముప్పాతిక సైజు ఫిడేళ్లు పట్టుకుని వస్తారు. ఆదివారం పొద్దున వాళ్లు మూడో కాలం ఎత్తుకుంటే గది గది అంతా గలగలమంటుంది. ఒకసారి టీచరుగారు చెయ్యెత్తి ఆపి, "ఇప్పుడు ఇదే వరస మొదటి కాలంలో, ఒక్కొక్కరే" అన్నారు. అంతదాకా అందరికంటే చురుగ్గా వాయించిన పిల్లవాడు రిషభం దగ్గర ఆగి, తీగవైపు అనుమానంగా చూశాడు. "టీచర్, ఇది నిజంగా రియేనా?" అన్నాడు. ఆవిడ, "నువ్వే చెప్పు. ముందు పాడు, తర్వాత వాయించు" అన్నారు. వాడు పాడాడు. పాడిన రి, వాయించిన రి వేరువేరుగా ఉన్నాయి. వేలు కాస్త జరిపి వాడి మటుకు వాడే కలుపుకున్నాడు. పాఠం అంతే. తర్వాత నావైపు తిరిగి, "మీరు కమాను సగమే లాగుతున్నారండీ, మిగతా సగం ఎవరికి దాస్తున్నారు?" అన్నారు.

మన తెలుగునాట ఫిడేలు పేరెత్తితే విజయనగరం తలుచుకోకుండా ఉండలేం. అయితే అంతకుముందే ఈ వాయిద్యాన్ని కర్ణాటక సంగీతానికి అలవాటు చేసింది ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు. మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో ఆయన ఒక ఐరోపా వాద్యకారుడి దగ్గర నేర్చుకున్నారు. చాలాకాలం అది గాత్రానికి పక్కవాద్యంగానే ఉండిపోయింది. దాన్ని నట్టనడుమ కూర్చోబెట్టి పూర్తి కచేరీ చేయించగలమని చూపిన వారిలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ముఖ్యులు. జనం నోట ఆయన ఫిడేలు నాయుడుగారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు విద్యార్థిగా చేరదామని వెళ్లిన ఆయన వాయింపు విని, ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు ఏకంగా అధ్యాపకుడిగా తీసుకున్నారని చెప్పుకుంటారు. 1936లో నాయుడుగారే ఆ కాలేజీకి ప్రిన్సిపాలయ్యారు, 1941లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు.

నాలాంటివాడికి ఆ కాలేజీ పుట్టుక కథ ఇంకా ఇష్టం. సంస్థానంలో ఒక ఉద్యోగి కొడుకు అంధుడు, సంగీతం నేర్చుకోవాలని ఆశపడ్డాడట. ఆ కుర్రాడి కోరికే మహారాజు చేత కళాశాల పెట్టించిందని అక్కడివాళ్లు చెబుతారు. ఎవరో ఒకరు నేర్చుకుంటాననబట్టే ఘంటసాల, సుశీల వంటి వారికి సంగీతం చెప్పిన బడి ఒకటి మనకు మిగిలింది.

నాయుడుగారి పాత రికార్డులు ఇప్పుడు సులువుగా దొరుకుతున్నాయి. ఫిడేలు పట్టకముందు వాటిని వింటూ రాగం గుర్తుపట్టి సంతోషించేవాణ్ణి. ఇప్పుడు నా దృష్టంతా కమాను మలుపు మీద ఉంటుంది. పైకి లాగిన కమాను కిందికి తిరిగే చోట నాదం తెగాలి కదా, ఎక్కడ తెగింది? నాకు దొరకదు. ఆ అతుకు కనపడకుండా చెయ్యడానికి ఎంత నిదానమైన సాధన కావాలో సరళీల్లో ఉన్నవాడికి బాగా అర్థమవుతుంది.

నిదానాన్ని ఇంత మెచ్చుకుంటుంటే, బద్ధకానికి మంచి ముసుగు దొరికిందని అనుకోవచ్చు. టీచరుగారూ అదే అంటారు. మొదటి కాలంలో బాగానే ఉందనుకున్న వరసను రెండో కాలంలో వాయించమంటారు. అప్పుడు తీగ మారే చోట వేలూ కమానూ ఒకేసారి వెళ్లడం లేదని తెలుస్తుంది. ఆ జబ్బు నిదానంలో బయటపడదు. బయటపడ్డ చోటును మళ్లీ మొదటి కాలానికి తెచ్చి బాగుచేసుకోవాలి. కాబట్టి పై కాలాలు పరీక్ష పెట్టేవి, మొదటి కాలం వైద్యం చేసేది. నన్ను జంటల నుంచి వెనక్కి తెచ్చింది ఈ వైద్యానికే.

అపార్టుమెంటు బతుకులో ఈ వైద్యానికి చోటు దొరకడమే కష్టం. పిల్లల పరీక్షలు, పక్క ఫ్లాటులో నైట్ డ్యూటీ చేసి పడుకున్నవాళ్లు. తీగలను మోసే గుర్రం (బ్రిడ్జి) మీద తొడిగే రబ్బరు మ్యూట్ ఒకటి దొరుకుతుంది, శబ్దం బాగా తగ్గిస్తుంది. రాత్రిపూట శ్రుతి చూసుకోవడానికి పనికొస్తుంది గానీ, కమాను బరువు తేడాలను అది మింగేస్తుంది. అందుకే వారానికి కొన్నిసార్లయినా మ్యూట్ తీసి, జనం మెలకువగా ఉండే వేళ వాయించడం మంచిది. ఫోనులో తంబూరా యాప్ ఉండగా శ్రుతిపెట్టె కొనక్కర్లేదు. పాటను వేళ్ల నంబర్లతో నేర్పే వీడియోలకు మాత్రం నేను దూరం. నంబరు ఏ వేలు వెయ్యాలో చెబుతుంది, ఎంత దూరాన వెయ్యాలో చెవే చెప్పాలి.

కచేరీ చేసేవాడికి తేదీ ఉంటుంది, సభ ఉంటుంది, టిక్కెట్టు కొన్నవాళ్లు ఉంటారు. పిల్లలకు గ్రేడు పరీక్షలు, పోటీలు, వార్షికోత్సవాలు ఉంటాయి. వాళ్లు ముందుకు పోక తప్పదు. ఇవేవీ లేనిది నడివయసులో నేర్చుకునే మనకే. ఈ లేకపోవడాన్ని మనం చిన్నతనంగా లెక్కేసుకుని, ఎలాగోలా ఒక సినిమా పాట పట్టేసి నలుగురి ముందూ వాయించి గట్టెక్కాలనుకుంటాం. అక్కడే మనకున్న ఒకే ఒక ఆస్తిని చేజేతులా పారేసుకుంటాం. ఒక గాంధారం దగ్గర నెల్లాళ్లు కూర్చున్నా అడిగేవాడు లేని వెసులుబాటు విద్వాంసుడికి కూడా దొరకదు.

నడివయసులో నేర్చుకోవాలనుకునేవాళ్లు నన్ను అడుగుతుంటారు, ఇప్పుడు మొదలుపెడితే వస్తుందా అని. పాట ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను. రోజూ కాసేపు, తంబూరా పెట్టుకుని, ఒకే వరస మొదటి కాలంలో వాయించండి. ముందు పాడి, తర్వాత తీగ మీద వెతకండి. పాడిన స్వరం, వాయించిన స్వరం ఎక్కడ విడిపోతున్నాయో వినగలిగిన రోజున మీకు విద్య అబ్బడం మొదలైనట్టే. అది చుట్టాలకు వినిపించేది కాదు గనక, వాళ్లకు కాఫీ ఇచ్చి మాట మార్చండి.