డల్లాస్‌లో హనుమకొండ టీవీ

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే అమ్మానాన్నల సూట్‌కేసుల్లో ఆవకాయ, కారప్పొడి, ఆరు నెలల బీపీ మాత్రలు సర్దడంలో మన ఇళ్ళు ఆరితేరాయి. టీవీని సర్దడం మాత్రం ఇంకా చాలామందికి అలవాటు కాలేదు. అది కూడా మందులంత ముఖ్యమని నా నమ్మకం. పగలంతా కూతురూ అల్లుడూ ఆఫీసు మీటింగుల్లో ఉంటారు. కారు లేనిదే ఎక్కడికీ పోలేని ఊళ్ళవి. ఇక్కడి రాత్రి ఏడున్నర సీరియల్ డల్లాస్‌లో వేసవిలో ఉదయం తొమ్మిదికి పడుతుంది. టిఫిన్లయి, ఇల్లు ఖాళీ అయ్యాక కూర్చోవడానికి అంతకంటే మంచి వేళ లేదు. తీరా ఏడాది చందా కట్టిన యాప్ తెరిస్తే, మీరున్న చోట ఈ కార్యక్రమం రాదంటుంది.

అక్క పురుటికని హనుమకొండ నుంచి డల్లాస్ వెళ్ళిన మా అమ్మ ఫోన్లో అడిగింది: "పైసలు కట్టినం గదరా, రాదంటదేంది?" ఆ ప్రశ్నకు సాంకేతికమైన జవాబు చెప్పగలను. న్యాయమైన జవాబు మాత్రం నాకు దొరకలేదు.

సాంకేతికంగా సంగతి ఇది. ప్రతి ఇంటర్నెట్ కనెక్షన్‌కీ ఒక ఐపీ అడ్రసు ఉంటుంది. ఏ నంబర్లు ఏ దేశంలో ఏ కంపెనీకి ఇచ్చారో పట్టికలున్నాయి. యాప్ ఆ పట్టిక చూసి మనం ఏ దేశంలో ఉన్నామో తేల్చుకుంటుంది. ఈ అడ్డు దాటడానికి వాడే వీపీఎన్ చేసేది, మన ఉత్తరాన్ని ఇంకో కవరులో పెట్టి, సీలు వేసి, ఇండియాలో ఉన్న మనిషికి పంపి, అక్కడి నుంచి పోస్టు చేయించడం లాంటిది. అందుకున్నవాళ్ళకు ఇండియా ముద్రే కనిపిస్తుంది. జవాబు కూడా అదే దారిలో తిరిగి వస్తుంది. డల్లాస్ నుంచి హైదరాబాద్ వెళ్ళి రావడానికి సుమారు పావు సెకను పడుతుంది. వీడియో కొంత ముందుగానే తెచ్చిపెట్టుకుంటుంది కాబట్టి చూసేవాళ్ళకు ఆ తేడా తెలియదు.

ఇలా దేశాలవారీగా అడ్డుకట్ట వేయడం యాప్‌ల మొండితనం కాదు. సినిమాల హక్కులనూ, క్రికెట్ హక్కులనూ దేశానికింత అని విడివిడిగా అమ్ముతారు. తెలుగు సినిమాకు ఓవర్సీస్ సొమ్ము ఎంత అవసరమో మనకు తెలియంది కాదు. కాబట్టి అమెరికాలో స్థిరపడినవాళ్ళు ఇక్కడి చౌక చందాతో అక్కడ చూడడాన్ని నేను సమర్థించను. అక్కడా అమ్ముతున్న తెలుగు యాప్‌లకు అక్కడి ధర కట్టి చూడాలి. కానీ ఇక్కడ ఇల్లుండి, ఇక్కడ చందా కట్టి, నాలుగు నెలల్లో తిరిగొచ్చే అమ్మ సంగతి వేరు. ఆమె కొన్నదాన్నే ఆమె చూస్తానంటోంది.

ఈ కోరిక కొత్తదేమీ కాదు. శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టు బేస్‌బాల్ ఆటలను ఊళ్ళో లేనప్పుడు చూడలేకపోతున్నామన్న బాధతోనే క్రికోరియన్ సోదరులు స్లింగ్‌బాక్స్ తయారుచేశారు. 2005లో వచ్చిన ఆ పెట్టెను ఇంట్లో టీవీకి తగిలిస్తే, ఇంటికొచ్చే చానళ్ళను ఇంటర్నెట్ మీదుగా ఎక్కడున్నా చూడొచ్చు. 2022 నవంబరులో దాని సర్వర్లు ఆపేశారు. ఆ ఆలోచన మాత్రం నాకిప్పటికీ సరైనదిగానే అనిపిస్తుంది: ఊరుకాని ఊళ్ళో టీవీ చూడాలంటే సొంత ఇంటి మీదుగా వెళ్ళడమే మంచి దారి.

డబ్బు తీసుకుని వీపీఎన్ ఇచ్చే కంపెనీలు లేవా అంటే, ఉన్నాయి. అయితే 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు వాడకందార్ల పేర్లు, చిరునామాలు, ఐపీ అడ్రసులు 5 ఏళ్ళు దాచాలి. అది తమ పద్ధతికి విరుద్ధమని ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, నార్డ్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్ ఇండియాలోని తమ సర్వర్లు తీసేశాయి. ఆ తర్వాత ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్‌లో ఇండియా అని నొక్కితే కనెక్షన్ వెళ్ళేది సింగపూర్‌లోనో, బ్రిటన్‌లోనో ఉన్న యంత్రానికి; దానికి ఇండియా అడ్రసు తగిలించి ఉంటుంది. వేలమంది వాడే ఇలాంటి అడ్రసులను యాప్‌లు తేలిగ్గానే పసిగడతాయి. ఇక ఊరూ పేరూ లేని ఉచిత వీపీఎన్ల జోలికి అసలు పోవద్దు. మన రాకపోకలన్నీ ఎవరి చేతిమీదుగా పోతున్నాయో తెలియని దారి అది. అదే ఫోన్లో అమ్మ బ్యాంకు యాప్ కూడా ఉంటుంది.

ఇంటి దారి వేయడానికి పాత లాప్‌టాప్ చాలు, రాస్‌ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరైనా చాలు. దాన్ని కేబుల్‌తో రూటర్‌కు కలిపి, రెండింటినీ ఇన్వర్టర్ లైను మీద పెట్టాలి. లేకపోతే హనుమకొండలో కరెంటు పోగానే డల్లాస్‌లో సీరియల్ ఆగుతుంది. మన ఇంటర్నెట్ కంపెనీలు చాలాచోట్ల ఒకే అడ్రసును ఎన్నో ఇళ్ళకు పంచుతాయి కాబట్టి బయటి నుంచి నేరుగా మనింటికి కనెక్షన్ రాదు. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ సాఫ్ట్‌వేర్లు ఈ చిక్కు తీరుస్తాయి: ఇంట్లో కంప్యూటరూ, అక్కడి టీవీకి తగిలించిన స్టిక్కూ, రెండూ తమంతట తాము బయటికొచ్చి ఒకదాన్నొకటి కలుసుకుంటాయి. ఇంటి కంప్యూటర్‌ను ఎగ్జిట్ నోడ్‌గా ఎంచుకుంటే టీవీ స్టిక్ రాకపోకలన్నీ మనింటి ఫైబర్ మీదుగానే సాగుతాయి. హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్ ఉంటే సరిపోతుంది. కానీ ఇక్కడ లెక్కలోకి వచ్చేది మన అప్‌లోడ్ వేగం. ప్లాను తీసుకునేటప్పుడు ఎవరూ అడగని అంకె అది.

ఈ పనంతా ప్రయాణానికి ముందే అయిపోవాలి. ఫోన్‌ను ఇంటి వైఫై నుంచి తీసి, మొబైల్ డేటా మీద పెట్టి, వీపీఎన్ ఆన్ చేసి చూడండి. ఐపీ అడ్రసు చూపే సైటులో ఇంటి అడ్రసు కనిపిస్తే దారి పడినట్టే. యాప్‌లన్నింట్లో ఇక్కడే లాగిన్ కావాలి, ఎందుకంటే ఓటీపీ వచ్చేది ఇండియా సిమ్‌కే. రోమింగ్ పెట్టించకుండా విమానం ఎక్కితే ఏ వీపీఎనూ ఆ ఓటీపీని తెచ్చివ్వలేదు. అసలు వీపీఎన్ అవసరం లేనివేవో కూడా ముందే చూసుకోవడం మంచిది. తిరుమల సేవలు చూపే ఎస్వీబీసీ, తెలుగు వార్తా చానళ్ళు యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా వస్తాయి. నాన్నలకు సగం రోజు వాటితోనే గడుస్తుంది.

రెండు సంగతులు దాచకుండా చెప్పాలి. ఇలా దారి మళ్ళించి చూడడాన్ని చాలా యాప్‌ల నిబంధనలు ఒప్పుకోవు. అవసరమైతే ఖాతా ఆపేస్తారు. ఇక గల్ఫ్ సంగతి అమెరికా లాంటిది కాదు. జగిత్యాల నుంచో, కోనసీమ నుంచో దుబాయ్ వెళ్ళినవాళ్ళకు ఎవరో ఒకరు ఫోన్లో వీపీఎన్ వేసి ఇస్తుంటారు. ఎమిరేట్స్ 2021 సైబర్ చట్టంలో, నేరం చేయడానికో, నేరం బయటపడకుండా ఉండడానికో ఐపీ అడ్రసు మార్చితే జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. అక్కడ ఏది నేరం కిందికి వస్తుందో తెలియకుండా, ఒక సినిమా కోసం ఆ ముప్పు నెత్తిమీదికి తెచ్చుకోవద్దని మన పిల్లలకు గట్టిగా చెప్పాలి.

అమ్మ అడిగిన ప్రశ్నకు యూరప్ ఒక జవాబు చెప్పింది. 2018 ఏప్రిల్ 1 నుంచి యూరోపియన్ యూనియన్‌లో, సొంత దేశంలో డబ్బు కట్టి తీసుకున్న చందాను యూనియన్‌లోని వేరే దేశానికి తాత్కాలికంగా వెళ్ళినప్పుడు కూడా అదనపు రుసుము లేకుండా అందించాల్సిందే. చందాదారు నివాసం ఎక్కడో కంపెనీ ముందే తేల్చుకుంటుంది కాబట్టి హక్కులు కొన్నవాళ్ళ లెక్కలూ చెదరవు. మన కంపెనీలకు ఈ పని అంతకంటే సులువు. ప్లస్ 91 ఫోన్ నంబరు, రూపాయల్లో చెల్లింపు, ఏళ్ళ తరబడి ఇక్కడే చూసిన రికార్డు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఖాతాలో 'ప్రయాణంలో ఉన్నాను' అనే మీట ఒకటి పెట్టి, వెళ్ళే తేదీ, వచ్చే తేదీ అడిగి, ఏడాదికి ఆరు నెలలు మించకుండా గడువు పెట్టమనండి. ఇక్కడి హక్కులు అమ్మేవాళ్ళు ఆ ఒక్క షరతును ఒప్పందంలో చేరిస్తే, నా ఇన్వర్టర్ లైను మీదున్న ఆ పాత లాప్‌టాప్‌ను తీసేయడానికి నేను సిద్ధం.