వాట్లు కాదు, వాటాలు

మన దగ్గర మైక్‌సెట్టు మాట్లాడుకునేటప్పుడు మొదట వచ్చేది వాట్ల లెక్కే. ఎన్ని బాక్సులు, ఎన్ని వేల వాట్లు అన్నది తేలితే బేరం తెగిపోతుంది. ఆ లెక్కన చూసినా, అమెరికన్ రాక్ బృందం గ్రేట్‌ఫుల్ డెడ్ 1974లో ఊరూరా తిప్పిన ‘వాల్ ఆఫ్ సౌండ్’ చిన్నదేమీ కాదు. దాదాపు 600 స్పీకర్లు, 26,000 వాట్లకు పైన పవర్, మొత్తం సరంజామా 75 టన్నులు. ఆ ఏడాది మార్చి 23న శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న కౌ ప్యాలెస్‌లో దాన్ని తొలిసారి పూర్తి రూపంలో నిలబెట్టారు. అయితే దాని పనితనం ఈ అంకెల్లో లేదు. ఏ శబ్దాన్ని ఏ శబ్దంతో కలవనివ్వకూడదో ముందే తేల్చుకుని, దానికి తగ్గట్టు యాంప్లిఫయర్లను ఎంచుకోవడంలో ఉంది.

దీని వెనకున్న ముఖ్యుడు ఔస్లీ స్టాన్లీ. ‘బేర్’ అని పిలిచేవారు. ఎల్‌ఎస్‌డీ తయారుచేసి జైలుకెళ్లి వచ్చిన మనిషి, శబ్దం దగ్గర మాత్రం మహా నిష్ఠాపరుడు. ఆయనతో పాటు డాన్ హీలీ, అలెంబిక్ సంస్థకు చెందిన రాన్ వికర్‌షామ్ వంటి ఇంజినీర్లు పనిచేశారు.

వాళ్లు పట్టుకున్న శత్రువు పేరు ఇంటర్‌మాడ్యులేషన్. ఏ యాంప్లిఫయరూ, ఏ స్పీకరూ నూటికి నూరుపాళ్లు నికార్సుగా పనిచేయదు. ఎంతో కొంత వంకర ఉంటుంది. ఆ వంకరలోంచి రెండు స్వరాలు ఒకేసారి వెళితే వాటి కూడిక, తీసివేతల దగ్గర ఎవరూ వాయించని కొత్త స్వరాలు పుడతాయి. 100 హెర్ట్జ్ బేస్, 1,000 హెర్ట్జ్ గొంతు ఒకే దారిన పోతే 900 దగ్గరా 1,100 దగ్గరా మురికి తేలుతుంది. ఒకే ఇరుకు సందులో పెళ్లి ఊరేగింపూ శవయాత్రా ఎదురుపడ్డట్టన్నమాట. మామూలు పద్ధతిలో అన్ని మైకులనూ మిక్సర్‌లో కలిపేసి, ఆ కలగాపులగాన్నే అన్ని బాక్సులకూ పంచుతారు. మరింత పెద్ద యాంప్లిఫయర్ పెడితే ఆ మురికి కూడా పెద్దగానే వినిపిస్తుంది.

అందుకే వీళ్లు కలపడమే మానేశారు. మొత్తాన్ని 6 విడి సౌండ్ సిస్టమ్‌లుగా, 11 చానళ్లుగా పంచారు. గొంతులకు ఒకటి, జెర్రీ గార్సియా గిటార్‌కు ఒకటి, రెండో గిటార్‌కు ఒకటి, పియానోకు ఒకటి. ఎవరి యాంప్లిఫయర్లు వాళ్లవి, ఎవరి స్పీకర్లు వాళ్లవి. కలిస్తే గాలిలో కలవాలి తప్ప తీగలో కాదు. ఫిల్ లెష్ బేస్ గిటార్ దగ్గర ఈ పట్టుదల ఇంకో మెట్టెక్కింది: నాలుగు తీగలకూ నాలుగు విడి చానళ్లు, నాలుగు విడి స్పీకర్ల గుంపులు. ఒక తీగ మీటితే ఒక చోటి నుంచి, పక్క తీగ మీటితే ఇంకో చోటి నుంచి స్వరం వచ్చేది. అది అవసరమా అంటే కాకపోవచ్చు. కానీ ఒక సూత్రాన్ని నమ్మాక దాన్ని చివరంటా లాగి చూసే తెగువ నాకు భలే నచ్చుతుంది.

ఇక యాంప్లిఫయర్. వాళ్లు ఎంచుకున్నది మెకింటాష్ ఎంసీ-2300. నిజానికి అది ఇళ్లలో ఖరీదైన స్టీరియోలకు తగిన సరుకు. చానల్‌కు 300 వాట్లు, ఒక్కోటి 58 కిలోల బరువు. అలాంటివి నలభై పైచిలుకు మోసుకు తిరిగారు. ఆ బరువులో చాలా భాగం లోపలి ట్రాన్స్‌ఫార్మర్లదే. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ సరే, ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లలో సాధారణంగా కనిపించని ఆటోట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌పుట్ దగ్గర కూడా ఉంటుంది. దానివల్ల 4 ఓముల స్పీకర్లు కలిపినా, 8 కలిపినా, 16 కలిపినా అదే 300 వాట్లు అందుతాయి. డజన్లకొద్దీ స్పీకర్లను రకరకాలుగా సిరీస్‌లో, పారలల్‌లో ముడివేసేవాడికి ఇది చాలా పెద్ద వెసులుబాటు. ఓముల లెక్క ఎటుపోయినా సరైన ట్యాప్‌కు తీగ బిగిస్తే సరి. లేకపోతే చాలా ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లు ఓములు రెట్టింపైనకొద్దీ దాదాపు సగం పవరే ఇస్తాయి.

రెండో సంగతి, జాగా, అంటే యాంప్లిఫయర్‌లో అవసరానికి మించి ఉంచుకునే పవర్. సంగీతం సగటున తీసుకునే పవర్ తక్కువే. డ్రమ్ మీద దెబ్బ పడ్డ క్షణంలో మాత్రం దానికి పదింతలు కావాలి. ఆ క్షణంలో యాంప్లిఫయర్ చేతులెత్తేస్తే అలల తలలు తెగిపోతాయి. దాన్నే క్లిప్ అంటారు. తెగిన చోట పుట్టే పైస్థాయి ఫ్రీక్వెన్సీలు ట్వీటర్లను, అంటే సన్నని స్వరాల స్పీకర్లను, కాల్చగలవు. అందుకే చిన్న యాంప్లిఫయర్ కూడా స్పీకర్లను తగలబెట్టగలదని సౌండ్‌వాళ్లు చెప్పేది ఉత్త మాట కాదు. వీళ్లకు ట్వీటర్ల కష్టం కూడా తెలుసు. 1973 ఫిబ్రవరిలో స్టాన్‌ఫర్డ్‌లో ఈ గోడ తొలిరూపాన్ని కట్టి తొలిపాట మొదలెట్టగానే ట్వీటర్లన్నీ పోయాయి. అయినా ఆలోచనను వదల్లేదు, ఏడాది పాటు మెరుగు పెట్టారు.

గార్సియా గిటార్ దారి చూస్తే ఎంపికలో వివేకం ఇంకా బాగా తెలుస్తుంది. గిటార్ ముందు ఫెండర్ ట్విన్ రివర్బ్‌లోని వాల్వుల ప్రీయాంప్‌కు వెళుతుంది. ఆయన స్వరానికి ఉన్న రంగంతా అక్కడే. అక్కణ్ణుంచి మెకింటాష్‌కు, ఆపైన స్పీకర్ల స్తంభానికి. రంగు వేసేది ఒకటి, పెద్దది చేసేది ఇంకొకటి. పవర్ యాంప్లిఫయర్‌కు సొంత అభిప్రాయాలు ఉండకూడదన్నది వాళ్ల లెక్క.

స్తంభాల సంగతి క్లుప్తంగా. స్పీకర్లను ఒకదానిమీద ఒకటి నిలువుగా పేర్చితే శబ్దం పైకీ కిందికీ చిందకుండా ముందుకు సాగుతుంది. దూరం రెట్టింపైతే మామూలుగా 6 డెసిబెల్స్ తగ్గాల్సింది, స్తంభానికి దగ్గరి పరిధిలో 3 మాత్రమే తగ్గుతుంది. అందుకు స్తంభం, శబ్దపు అల కన్నా పొడవుండాలి. బేస్ గిటార్ కింది స్వరం 41 హెర్ట్జ్, దాని అల 8 మీటర్ల పైమాట. బేస్ స్తంభాల ఎత్తు 30 అడుగులకు పైనే!

ఈ గోడంతా పాడేవాళ్ల వెనక ఉండేది. ముందు వేరే బాక్సులు లేవు, హాలు మధ్యలో మిక్సర్ లేదు. జనం వినేదే వాళ్లూ వినేవారు, ఎవరి శబ్దం వాళ్లే తగ్గించుకునేవారు, పెంచుకునేవారు. అలాంటప్పుడు మైకు కూత పెట్టకుండా ఉంటుందా? మన సభల్లో వక్త బాక్సు ముందుకొస్తేనే చెవులు చిల్లులు పడతాయి. ఇక్కడ 26,000 వాట్లు మైకు మూతిలోకే కొడుతున్నాయి.

దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయమే ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా ముచ్చటైనది. ఒక్కో గాయకుడి ముందు ఒకే తీరు మైకులు రెండు, ఒకదాని కింద ఒకటి, సుమారు 60 మిల్లీమీటర్ల ఎడంతో. రెండోదాని సిగ్నల్‌ను తిరగేసి మొదటిదానితో కలుపుతారు. వెనకనుంచి వచ్చే గోడ శబ్దం రెండిటికీ సమంగా తగులుతుంది కాబట్టి కలిపినప్పుడు కొట్టుకుపోతుంది. గాయకుడు పెదవులు ఆనించి పాడేది పైమైకులోకి మాత్రమే, కాబట్టి గొంతు మిగులుతుంది. కంప్యూటర్ లేదు, చిప్ లేదు. ఒక కూడిక, ఒక తీసివేత, అంతే.

లోపం లేదనను. గాయకుడు మైకుకు కాస్త ఎడమైతే గొంతు కూడా రెండిటికీ దాదాపు సమంగా అందుతుంది. అప్పుడు ముందుగా కిందిస్థాయి కరిగిపోయి గొంతు సన్నబడుతుంది. ఆనాటి రికార్డింగుల్లో గొంతులు పీలగా ఉన్నాయన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. గాయకుణ్ణి మైకుకు కట్టేసే పద్ధతిని నేనైతే ఎంచుకోను. ఇవాళ రెండంగుళాల మందాన ఉండే క్లాస్-డీ యాంప్లిఫయర్ ఒక్కటే ఆ గోడ మొత్తం పవర్‌లో సగం దాకా ఇవ్వగలదు. దాని లోపలే డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్) కూర్చుని ఫ్రీక్వెన్సీలను విడదీస్తుంది, దూరపు బాక్సులను మిల్లీసెకన్ల లెక్కన ఆలస్యం చేస్తుంది, ట్వీటర్ కాలకముందే లిమిటర్‌తో పట్టి ఆపుతుంది. ఇన్ని చేతిలో ఉన్నా, అన్నిటినీ ఒకే మిక్స్‌లో పోసి గరిష్ఠానికి తిప్పేసే జాతర సెట్లే ఎక్కువ వినిపిస్తాయి.

ఆ గోడ బతికింది మాత్రం కొద్ది నెలలే. ఒక స్టేజీ మీద కచేరీ నడుస్తుంటే ఇంకో స్టేజీ ముందే తర్వాతి ఊరికి వెళ్లి లేవాలి. నాలుగు పెద్ద ట్రయిలర్లు, ఇరవై మందికి పైగా సిబ్బంది, చమురు సంక్షోభం తర్వాతి డీజిల్ ధరలు. 1974 అక్టోబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని వింటర్‌ల్యాండ్‌లో ఐదు రోజులు కచేరీలు చేసి, దాన్ని విప్పేశారు.