ఒకటే బాణీ

శనివారం పూర్తిగా తెల్లారకుండానే మా రామాలయం మైకులో ఎం.ఎస్.రామారావు గారి సుందరకాండ మొదలవుతుంది. దాంతో మా వీధి రెండు పార్టీలవుతుంది. కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీదికొచ్చి కూర్చునేవాళ్లు ఒక పార్టీ. "మొదలెట్టాడండీ, ఇంక ఇప్పట్లో వదలడు" అని కిటికీ రెక్కలు మూసుకునేవాళ్లు ఇంకో పార్టీ. నా చిన్నప్పటి నుంచీ ఇంతే. ఎన్నికల్లో పార్టీలు మారినవాళ్లున్నారు గానీ ఇందులో మారినవాళ్లను నేను చూళ్లేదు.

అమలాపురంలో నాకు హార్మోనియం మెట్లు చూపించిన మాస్టారు కిటికీ పార్టీ. "ఒకటే బాణీరా అబ్బాయ్. హనుమంతుడు సముద్రం దాటినా అదే, సీతమ్మ ప్రాణం తీసుకుందామనుకున్నా అదే, లంక తగలబడ్డా అదే. పాడటం వచ్చినవాడు చెయ్యాల్సిన పనేనా?" అనేవారు. ఆయన కోపానికి కారణం ఉంది. రామారావు గారికి పాడటం రాక కాదు. 1944లో వచ్చిన 'తహసీల్దారు'తో తెలుగు సినిమాకి తొలి నేపథ్య గాయకుడని పేరు తెచ్చుకున్న మనిషి. అంత గొంతు పెట్టుకుని ఇన్నేసి చరణాలు ఒకే వరసలో లాగడమేమిటని మాస్టారి బాధ.

వేదం చదువుకున్న ఇళ్లలో అభ్యంతరం వేరు. కోనసీమ అగ్రహారాల్లో స్వరం ఒక్క పిసరు తప్పినా మళ్లీ మొదటికి తీసుకెళ్లే గురువుల దగ్గర పెరిగినవాళ్లు వాళ్లు. వాల్మీకి సుందరకాండ 68 సర్గలు శ్లోకం శ్లోకం చదివితే అది పారాయణ, ఇది పాట, అంతవరకే అంటారు. అయినా మా ఎదురింటి పెద్దాయన సంధ్యావందనం ముగించి, మైకు వినిపించినంతసేపూ పేపరు తెరిచి అదే పేజీ చూస్తూ కూర్చునేవారు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

రామారావు గారిది అప్పటి గుంటూరు జిల్లా మోపర్రు. 1921లో పుట్టారు. మద్రాసు వదిలాక కొన్నేళ్లు రాజమండ్రిలో ఉన్నారు, అందుకని గోదావరికి ఇటు అటు అందరూ ఆయన్ని మనవాడే అనుకుంటారు. 1971 యుద్ధంలో, వైమానిక దళంలో ఉన్న కొడుకు ఆచూకీ తెలియక ఆ తండ్రి ఆంజనేయుణ్ణి పట్టుకున్నాడని, ఆ మొక్కులోంచి ఈ పాట వచ్చిందని మా వైపు చెప్పుకుంటారు. తులసీదాసు హనుమాన్ చాలీసాని తెలుగు చేసిన చెయ్యే ఇదీ రాసింది. రాసిందీ ఆయనే, వరస కట్టిందీ ఆయనే, పాడిందీ ఆయనే. కొడుకు కథ తెలిసిన రోజు నుంచి నాకు ఇందులో వెతుకులాట ఎక్కువగా వినపడుతుంది. లంకంతా గాలించినా కనపడకపోతే ఏ ముఖం పెట్టుకుని వెనక్కి వెళ్లాలి అని హనుమంతుడు కుమిలే చోట మరీను.

ఇదంతా పక్కన పెట్టి, ఒక ఏడాది శ్రీరామనవమికి మా భజన గోష్ఠిలో నేనే పాడతానని ఒప్పుకున్నాను. ఒకటే బాణీ కదా, ఎంతసేపు అనుకున్నాను. పదో చరణం దాటేసరికి నా దగ్గరున్న సరుకంతా అయిపోయింది. వేసే గమకం వేసేశాను, లాగే చోట లాగేశాను. ప్రతి చరణం చివరా మళ్లీ ఆ పల్లవి వచ్చి ఎదురుగా నిలబడుతోంది. ఇరవయ్యోదానికి నా పాట నాకే విసుగొచ్చింది. ముప్పయ్యోదానికి గొంతు ఆరిపోయి, చెయ్యడానికి ఇంకేమీ లేక మాటల్ని ఉన్నవున్నట్టు చెప్పుకుంటూ పోయాను. చిత్రం ఏమిటంటే, ముందు వరసలో తాంబూలం నములుతూ కబుర్లాడుకుంటున్న ఆడవాళ్లు అప్పుడు మాట ఆపి నా వైపు చూశారు.

రామారావు గారి గొంతు కంచులా ఖంగుమనదు. పక్కన చాప మీద కూర్చుని, మన ముఖం చూస్తూ చెబుతున్నట్టు ఉంటుంది. ఉంగరం ఇచ్చే చోట ఇంకొకరైతే శోకరాగం ఎత్తుకుందురు. ఆయన అక్కడ మాటని ఒక్క క్షణం ఆలస్యంగా వదిలినట్టు నాకు వినిపిస్తుంది, అంతే. మాస్టారితో అంటే, "అది ఆయన గొప్ప కాదు, నీ చాదస్తం" అన్నారు. కావచ్చు.

కానీ మాస్టారికి తట్టనిది మా మేనత్తకి తెలుసు. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు, ఇలాంటి పాటల్ని మన ఆడవాళ్లు ఒక్క వరసలోనే కదా మధ్యాహ్నాలకు మధ్యాహ్నాలు పాడుకున్నది! చేతిలో విస్తరి కుట్టో, చేటలో బియ్యమో ఉంటుంది. మధ్యలో పొయ్యి మీద పాలు పొంగితే లేచి వెళతారు, వచ్చి మళ్లీ అందుకుంటారు. వరస మారిపోతూ ఉంటే లేచి వెళ్లినవాళ్లకి తిరిగి దారి దొరకదు. సుందరకాండ క్యాసెట్టు మా ఇంట్లోకి వచ్చిన మొదటి రోజే అత్త దాన్ని కొత్త పాటగా విననే లేదు. కొబ్బరి దింపులకొచ్చినవాళ్లకి మజ్జిగ కలుపుతూ రెండో చరణానికల్లా పల్లవి అందుకుంది.

వినే చోటు కూడా పాటకి ఏదో చేస్తుంది. ఘంటసాల గారు చివరి రోజుల్లో పాడిన భగవద్గీత అంతకంటే బరువైన పాటే. కానీ చావు ఇళ్ల దగ్గర వేసీ వేసీ, ఆ గొంతు వినపడితే "ఎవరు పోయారు?" అని అడిగేలా చేసుకున్నాం. సుందరకాండకి ఆ గతి పట్టలేదు. పెళ్లి కుదరాలన్నా, తప్పిపోయినది దొరకాలన్నా, వీసా రావాలన్నా అదే పెడుతున్నారు. మా మైకుసెట్టు అబ్బాయి అభిప్రాయం అన్నిటికంటే సూటి: "ఆయ్, ఒక్కసారి పెడితే చాలాసేపు చూసుకోనక్కర్లేదండి."

అత్త క్యాసెట్టు ఇప్పటికీ ఉంది. చూడామణి ఇచ్చే చోట వెనక్కి తిప్పి తిప్పి అక్కడ టేపు అరిగిపోయింది. ఆ నాలుగు చరణాలూ నీళ్లలోంచి వస్తున్నట్టు వణుకుతాయి. కిందటి కార్తీకంలో ఫోనులో ఎక్కించి, బుల్లి స్పీకరు కూడా కొని పట్టుకెళ్లాను. అత్త మంచం మీద కూర్చుని అదే చోటు దాకా విన్నది. ఒక్క మాట చెరగలేదు, వణుకు లేదు.

"బాగా పాడాడు. ఎవర్రా ఈయన?" అంది.